మానిటర్‌లో 98, కాళ్లు మాత్రం చల్లగా

ఐసీయూలో కొత్తగా చేరిన సిస్టర్లు మొదటి వారమంతా మానిటర్‌లో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) నంబరునే చూస్తూ కూర్చుంటారు, నేనూ అంతే. ముందు చూడాల్సింది దాని పక్కన పరిగెత్తే వేవ్. అది సమంగా లేస్తూ, పల్స్ రేటు ఈసీజీ రేటుతో కలిస్తేనే ఆ నంబరుని నమ్మండి. వేవ్ చదునుగా పడుకుంటే నంబరును పక్కన పెట్టి పేషెంట్‌ని చూడండి.

ఒక నైట్ డ్యూటీలో ఓ పెద్దాయనకి పావుగంటకోసారి సాచురేషన్ 70కి పడిపోతోంది, డాక్టర్‌ని రెండుసార్లు లేపి, ఆక్సిజన్ పెంచి, నానా హడావిడి చేశాక తేలిందేంటంటే బీపీ కఫ్ కట్టిన చేతికే నేను ప్రోబ్ (సాచురేషన్ కొలిచే వేలి క్లిప్పు) పెట్టాను, కఫ్ బిగిసినప్పుడల్లా వేలికి రక్తం ఆగిపోతోంది. నవ్వకండి, మీరూ చేస్తారు. ప్రోబ్ ఎప్పుడూ రెండో చేతికే. చెయ్యి చల్లగా ఉంటే దుప్పటి కప్పి వెచ్చబెట్టండి, నెయిల్ పాలిష్ ఉంటే తుడిచేయండి, మెహందీ ముదురుగా పండిన వేలైతే వేరే వేలు చూసుకోండి. గంటల తరబడి ఒకే వేలికి ఉంచితే పుండు పడుతుంది.

వేవ్ బాగున్నా మోసపోయే సందర్భాలున్నాయి. మంటల్లో పొగ పీల్చిన వాళ్లకి 99 చూపిస్తుంది, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా ప్రోబ్‌కి ఆక్సిజన్ పట్టినట్టే కనిపిస్తుంది. ఇండాక్సాకార్బ్ ఉన్న పురుగుమందు తాగి వచ్చిన వాళ్లలో ఎంత ఆక్సిజన్ పెట్టినా 85 దగ్గరే ఆగిపోయి, సిరంజిలోకి తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉందంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. హిమోగ్లోబిన్ 5 ఉన్న మనిషికీ 98 రావచ్చు, ఉన్న కాస్త రక్తమూ ఆక్సిజన్‌తో నిండిందని మాత్రమే దానర్థం. అనుమానం వస్తే ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) పంపమని అడగండి. సీవోపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) వాళ్లకి మాత్రం 100 తెద్దామని ఆరాటపడొద్దు, సాధారణంగా 88 నుంచి 92 చాలు.

ఇక సర్క్యులేషన్. దీనికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. చూపుడు వేలి కొసని తెల్లబడేలా 10 సెకన్లు గట్టిగా నొక్కి వదిలేయండి, రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటిందా? రక్తం కొసల దాకా సరిగా చేరడం లేదన్నమాట (గది బాగా చల్లగా ఉన్నా ఆలస్యమవుతుంది, ఏసీ సంగతి మర్చిపోకండి). దుప్పటి తీసి మోకాళ్లు చూడండి, ఊదారంగు మచ్చలు మోకాలి చిప్ప దాటి తొడ మీదికి పాకుతున్నాయంటే షాక్ (అవయవాలకి రక్తం చాలని స్థితి) ముదురుతోంది. యూరిన్ బ్యాగ్ గంటగంటకీ కొలవండి, 60 కిలోల మనిషికి గంటకి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గకూడదు.

బీపీలో పై అంకె ఒక్కటే చెప్పొద్దు. 90/60కీ 90/40కీ చాలా తేడా ఉంది, మొదటిదానికి సగటు పీడనం (కింది అంకెని రెండుసార్లు, పై అంకెని ఒకసారి కలిపి మూడుతో భాగిస్తే వచ్చేది) 70, రెండోదానికి 57. షాక్‌లో మామూలుగా ఈ సగటు 65కి తగ్గకుండా చూస్తారు. ఆర్టీరియల్ లైన్ (బీపీ కొలవడానికి ధమనిలో పెట్టిన సన్నని గొట్టం) ఉంటే మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ దాని ట్రాన్స్‌డ్యూసర్‌ని, అంటే పీడనం కొలిచే సెన్సర్‌ని, గుండె ఎత్తుకి సరిచేయండి, అది 10 సెంటీమీటర్లు కిందికి జారితే బీపీ దాదాపు 7 ఎక్కువ చూపిస్తుంది.

చార్ట్‌లో "చేతులు చల్లగా ఉన్నాయి" అని రాసి వదిలేయకండి. "వేలి రంగు తిరిగి రావడానికి 2 గంటలకి 5 సెకన్లు, ఫ్లూయిడ్ ఇచ్చాక 2.30కి 3 సెకన్లు" అని రాయండి, పొద్దున షిఫ్ట్‌కి వచ్చే సిస్టర్ మిమ్మల్ని నిద్రలో ఫోన్ చేసి లేపదు.