విశాఖ రేవు నుంచి అండమాన్‌కు: పగడపు దిబ్బల కోసం, తిమింగలాల కోసం ఎలా సిద్ధం కావాలి

విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్లదలచిన వారికి నేను మొదట చెప్పే మాట ఒకటే: రాకపోకల్లో ఒక వైపైనా ఓడలో ప్రయాణించండి. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. రెండు రాత్రులకు పైగా నీటి మీదే గడుస్తుంది. ఆ దారిలో ఓడ కింద సముద్రం చాలా చోట్ల రెండున్నర కిలోమీటర్లకు మించిన లోతు ఉంటుంది. పెద్ద తిమింగలాలు తిరిగేది అటువంటి నీళ్లలోనే తప్ప, ద్వీపాల చుట్టూ స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ కిందికి చూడటం) పడవలు తిరిగే లోతు తక్కువ నీళ్లలో కాదు. విమానం ఎక్కినవారికి పగడాలు దక్కుతాయి గానీ తిమింగలాన్ని చూసే అవకాశం దాదాపు పోయినట్టే. అయితే ఓడ రోజూ ఉండదు, తేదీలు మారుతుంటాయి. కాబట్టి సెలవు పెట్టే ముందే ఓడల ప్రకటన చూసుకోవాలి. తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. ఫొటో గుర్తింపు కార్డు అసలుదే వెంట ఉండాలి.

కాలం ఎంచుకోవడంలో మన ఊరివారికి ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను, అంతకు నాలుగు రోజుల ముందే అండమాన్ దీవులను దాటి వచ్చింది. అంటే మనం వెళ్లాలనుకునే దారే తుపానులు వచ్చే దారి. అక్టోబరు, నవంబరు నెలలను, మే నుంచి సెప్టెంబరు వరకు సాగే వానకాలాన్ని వదిలిపెట్టి, జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు వెళ్తే సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీరు తేటగా ఉంటుంది.

సన్నాహంలో ఎక్కువ భాగం విశాఖలోనే జరగాలి. సామాను కొనడం దానిలో చిన్న పని. శ్వాసను అదుపులోకి తెచ్చుకోవడం పెద్ద పని. ఈ సాధనకు ఆర్‌కే బీచ్ గానీ యారాడ గానీ పనికిరావు. అక్కడ ఒడ్డున విరిగిన కెరటం వెనక్కి వెళ్తూ మనిషిని లోపలికి లాగుతుంది, పైగా నీరు మట్టితో, ఇసుకతో కలిసి ఉండటం వల్ల మాస్క్ పెట్టుకున్నా ఏమీ కనబడదు. ఈత కొలనులో నెల రోజుల పాటు వారానికి మూడు సార్లు సాధన చేయడం మేలు. ఈత బొత్తిగా రానివారు లైఫ్ జాకెట్‌తో, గైడు పట్టుకున్న రింగుతో పగడాలు చూడవచ్చు గానీ, కనీసం పది నిమిషాలు నీటిపై తేలగలిగితే భయం సగం తగ్గుతుంది.

మాస్క్ మాత్రం ఇక్కడే కొని తీసుకెళ్లడం మంచిది. అద్దెకు ఇచ్చేవి అందరి ముఖాలకూ సరిపోవు. కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలేయాలి. అది కిందపడకుండా అతుక్కుని ఉంటే మీ ముఖానికి సరిపోయినట్టు. పట్టీ బిగించి కారడం ఆపవచ్చనుకోవడం పొరపాటు. ఎక్కువ బిగిస్తే అంచు వంకరపోయి మరింత కారుతుంది. మీసం మీద మమకారం ఉన్నవారికి ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు: మాస్క్ అంచు ముక్కు కిందే ఆనుతుంది కనుక ఆ వెంట్రుకల సందుల్లోంచి నీరు చేరుతుంది. నేను మొదటిసారి మీసం తీయనని పట్టుబట్టి, చేపల కన్నా ఉప్పునీళ్లనే ఎక్కువ చూశాను. ముక్కు కింద సన్నని పట్టీ మేర గొరిగినా చాలు, లేదా ఆ చోట కొద్దిగా వాజిలైన్ రాసుకోవచ్చు. కొత్త మాస్క్ అద్దం లోపలి వైపు తయారీలో మిగిలిన పలుచని పొర ఉంటుంది. దాన్ని టూత్‌పేస్టుతో రెండు మూడు సార్లు రుద్ది కడగకపోతే అద్దం మసకబారుతూనే ఉంటుంది. ఆ తరువాత ప్రతిసారీ నీళ్లలోకి దిగే ముందు ఒక చుక్క బేబీ షాంపూ రాసి తొలిస్తే సరిపోతుంది. ముఖమంతా కప్పే రకం మాస్క్‌ను నేను సిఫార్సు చేయను: చాలా వాటిలో ముక్కు మూసుకుని చెవుల ఒత్తిడి సరిచేసుకోవడానికి వీలుండదు, ఆపదలో త్వరగా తీయడమూ కష్టం.

కొలనులో అలవరచుకోవలసినవి మూడు. నోటితోనే నెమ్మదిగా, దీర్ఘంగా శ్వాస తీయడం మొదటిది. గొట్టంలో నీరు చేరినప్పుడు కంగారుపడకుండా ఒక్క ఊపులో బలంగా ఊది బయటికి చిమ్మడం రెండవది. మాస్క్‌లో నీరు చేరితే పై అంచును నుదుటికి అదిమి, తల కొద్దిగా ఎత్తి, ముక్కుతో ఊది దాన్ని కింది నుంచి పంపేయడం మూడవది. కిందికి మునిగి చూడాలనుకునే వారికి ఒక హెచ్చరిక: మునిగే ముందు గబగబా పదిసార్లు గాలి పీల్చడం కొందరికి అలవాటు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహను పుట్టించేది అదే కనుక, ఆ హెచ్చరిక అందకముందే ఆక్సిజన్ అడుగంటి మనిషి నీటిలోనే స్పృహ తప్పవచ్చు. మంచి ఈతగాళ్లు కూడా ఈ విధంగా ప్రాణాలు పోగొట్టుకుంటారు.

ఓడ ఎక్కే రోజు కడుపు తేలికగా ఉంచుకోవాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అన్నాన్ని మొదటి రోజు ముట్టుకోకపోవడమే క్షేమం. ఇడ్లీ, అటుకులు, అరటిపండు చాలు. కడలి వికారానికి మాత్రలను వైద్యుణ్ని అడిగి ముందే తెచ్చుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగితే ఫలితం తక్కువ కాబట్టి బయలుదేరే ముందే వేసుకోవాలి. వాటిలో కొన్ని బాగా మత్తు కలిగిస్తాయని గుర్తుంచుకోవాలి. ఓడ మధ్య భాగంలో ఊపు తక్కువ. ఫోను పక్కన పెట్టి దిగంతాన్ని చూస్తూ కూర్చుంటే వికారం అణగుతుంది, తిమింగలాలను వెదకడానికీ అదే పద్ధతి.

గాలి పడిపోయి, నీరు నూనె పోసినట్టు నున్నగా ఉండే ఉదయాలు ఈ పనికి అనువైనవి. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడి, ముందు వట్టి కళ్లతోనే దిగంతం వెంట ఒక చివరి నుంచి మరో చివరికి మెల్లగా చూపు నడపాలి. బైనాక్యులర్ అనుమానం కలిగిన చోటుకే వాడాలి. ఓడ ఊగుతుంది కనుక 7 రెట్లు చూపేది చాలు. అంతకు మించితే బొమ్మ నిలవదు. తిమింగలం ముందు కనబడదు, దాని ఊపిరి కనబడుతుంది. నీలి తిమింగలం ఊపిరి దాదాపు 9 మీటర్ల ఎత్తున నిటారు స్తంభంలా లేస్తుంది. స్పెర్మ్ తిమింగలానిది ముందుకూ ఎడమకూ ఏటవాలుగా చిమ్ముతుంది. ఈ రెండవది ఒకసారి మునిగితే ముప్పావు గంట వరకు పైకి రాకపోవచ్చు. దూరాన సముద్రపక్షులు గుమిగూడి నీటిలోకి దూకుతుంటే అక్కడ చేపల గుంపు ఉన్నట్టు. డాల్ఫిన్లు అక్కడికే చేరతాయి. గుంపుగా వచ్చి, గాలిలోకి లేచి బొంగరంలా తిరిగితే అవి స్పిన్నర్ డాల్ఫిన్లు.

ఇంత చెప్పినా, ఓడ నుంచి తిమింగలం కనబడటం అదృష్టం మీద ఆధారపడినదే. ఓడ మన కోసం ఆగదు, దారి మార్చదు. తిమింగలమే ప్రధానమనుకునే వారు డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సకు వెళ్లడం మంచిది. అక్కడ లోతైన సముద్రం ఒడ్డుకు దగ్గరగా వస్తుంది కనుక ఉదయం వెళ్లిన పడవలు మధ్యాహ్నానికి తిరిగి వస్తాయి. అక్కడ 100 మీటర్ల కన్నా దగ్గరికి వెళ్లని, తిమింగలానికి ఎదురుగా పోయి దారి కాయని పడవనే ఎంచుకోవాలి. వేల్ షార్క్‌ను పేరును బట్టి తిమింగలమనుకోవద్దు: అది సొరచేప, మొప్పలతో ఊపిరి తీస్తుంది. 2021 డిసెంబరులో మన తంతడి తీరానికి చేరిన దాన్ని అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు.

ద్వీపాలకు చేరాక గడియారం గురించి ఒక మాట. అక్కడా మన సమయమే అయినా, సూర్యుడు విశాఖ కన్నా అరగంటకు పైగా ముందే ఉదయించి, అంత ముందే అస్తమిస్తాడు. అందువల్ల స్నార్కెలింగ్‌ను ఉదయమే ముగించుకోవాలి. దక్షిణ అండమాన్‌లోని వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోని జాలీబాయ్ ద్వీపానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ ద్వీపాన్ని ఏడాది పొడవునా తెరవరు, ప్లాస్టిక్‌ను అనుమతించరు. హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ద్వీపంలో ఎలిఫెంట్ బీచ్, నీల్ (ఇప్పుడు షహీద్ ద్వీప్) ద్వీపంలో భరత్‌పూర్ బీచ్ కొత్తవారికి అనువైనవి. పోటు నిండి నీరు నిలకడగా ఉన్నప్పుడు దిగితే ప్రవాహం లాగదు, కడుపు పగడాలకు రాసుకోదు. పున్నమి, అమావాస్యలకు అటూ ఇటూ ప్రవాహాలు బలంగా ఉంటాయి. ఇద్దరుగా తప్ప దిగవద్దు. మడ అడవుల కాలువలున్న చోట, మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న చోట అసలే దిగవద్దు. ఉప్పునీటి మొసలి అక్కడ కథ కాదు.

మాస్క్ అద్దంలోంచి వస్తువులు మూడో వంతు పెద్దవిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి. చేయి చాపితే అందుతుందనిపించే పగడం అందదు. కాళ్లకు తొడిగే ఫిన్స్ (ఈత రెక్కలు) మాత్రం వెనక తగిలి దాన్ని విరిచేస్తాయి. నిలబడాలనిపిస్తే ఇసుక మీదే నిలబడాలి. చచ్చిన పగడం ముక్కనైనా ఇంటికి తేవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సన్‌స్క్రీన్ పూతకు బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే వీపు కాలదు, రసాయనాలు పగడాల మీదికి చేరవు. రాతి చేప, సింహపు చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తిరిగి వచ్చిన రోజే మాస్క్‌ను, గొట్టాన్ని, ఫిన్స్‌ను మంచినీటిలో గంటసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. విశాఖ ఉక్కపోతలో తడి ఆరకుండా సంచిలో పెట్టిన సిలికాన్‌కు నల్లని బూజు పడుతుంది, అది ఎంత తోమినా పోదు.