ఫోను, టీవీ ఖర్చుకు పగ్గం వేయండి ఇలా

మా పర్లాకిమిడి ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ. ఖర్చు తెలియాలంటే ముందు గోడ క్యాలెండరు దించి, ప్రతి రీచార్జి తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. 28 రోజుల ప్లాను నెల ప్లాను కాదు. 28ని 13తో గుణిస్తే 364. అంటే ఏడాదికి పదమూడు సార్లు కడుతున్నాం. నాలుగు ఫోన్లకూ కలిపి నాలుగు రీచార్జిలు అదనం! ధరను రోజులతో భాగించి చూసి ఎంచుకోండి.

మా అత్తగారు ఇచ్ఛాపురంలో ఉన్న మా ఆడపడుచుతో మాట్లాడటానికే ఫోను తీస్తారు. ఆవిడకు డేటా ఎందుకు? కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాకులు కూడా కంపెనీలు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. దుకాణంలో మీరే గట్టిగా అడగండి.

తరువాత యూపీఐలో ఆటోపే, అంటే ప్రతిసారీ అడగకుండా డబ్బు దానంతటదే కట్టేసే ఏర్పాటు, జాబితా తెరవండి. సంక్రాంతికి ఒక్క సినిమా కోసం కట్టిన చందా నా ఖాతాలోంచి ఐదు నెలలు పోయింది. ఫోనులోంచి యాప్ తీసేశాను కదా అనుకున్నాను. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, ఆటోపేను విడిగా రద్దు చేయాలి.

దూరదర్శన్ సప్తగిరి ఛానలు, వార్తలు చాలనుకుంటే డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకోండి. గొడుగు, బాక్సు ఒకసారి కొంటే నెలవారీ చందా ఉండదు.