అంతర్జాతీయ పరిశోధక సంఘంలో అందరికీ చోటు దక్కాలంటే ఏం చేయాలి?

తిరుపతిలో యూనివర్సిటీలకు కొదవ లేదు. 1954లో వచ్చిన ఎస్వీ యూనివర్సిటీ, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, సైన్సు చదువులకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ అన్నీ ఈ ఊరి చుట్టూనే ఉన్నాయి. అయినా నేను సభ్యుడిగా ఉన్న ఒక అంతర్జాతీయ సంఘం జాబితాలో ఇక్కడి రాష్ట్ర యూనివర్సిటీల స్కాలర్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లకు చదువు తక్కువై కాదు, లోపలికి వచ్చే దారిలో అడ్డంకులు ఎక్కువై. మీ సంఘంలో ఆ అడ్డంకులు తీయాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

ముందు లెక్క తీయండి. సభ్యులు, సదస్సులో మాట్లాడినవాళ్లు, పేపర్లు పరిశీలించేవాళ్లు, అవార్డు పొందినవాళ్లు, కార్యవర్గం: ఈ అయిదు చోట్లా ఆడవాళ్లు ఎందరు, ఏ దేశాలవాళ్లు, ఏ రకం కాలేజీలవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు ఎందరు అని చూడండి. సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండి, కార్యవర్గంలో ఒక్కరే ఉంటే తేడా ఎక్కడ మొదలైందో అక్కడే తెలిసిపోతుంది. వివరాలు అడిగే ప్రతి ప్రశ్న కింద ‘చెప్పడం ఇష్టం లేదు’ అన్న గడి తప్పకుండా పెట్టండి.

తర్వాత డబ్బు సంగతి. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. పరిశోధన మొదలుపెట్టినవాళ్లకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది కూడా లేకుండా పీహెచ్‌డీ చేసేవాళ్లు మన దగ్గర చాలామంది. డాలర్లలో ఉన్న ఫీజును రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక వాళ్లు ఫారం మూసేస్తారు. చాలా సంఘాలు దేశాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. మంచిదే, కానీ చాలదు. ఐఐటీ ప్రొఫెసరూ, ఫెలోషిప్ లేని పుంగనూరు అమ్మాయీ ఒకే దేశంవాళ్లు కదా! అందుకే సభ్యుడి ఆదాయాన్ని బట్టి కూడా ఫీజు పెట్టండి. సర్టిఫికెట్లు అడక్కండి, వాళ్లు రాసిన మాటే నమ్మండి.

ప్రయాణ సాయం విషయంలో ఒక్కటే చెప్తాను: ముందే ఇవ్వండి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి విదేశీ సదస్సుకు సాయం మంజూరైంది, కానీ టికెట్ తను కొనుక్కుంటే తర్వాత డబ్బు ఇస్తామన్నారు. వాళ్లమ్మ నగలు తాకట్టు పెట్టింది. ఆ డబ్బు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల వడ్డీ కట్టింది వాళ్లమ్మే. నేరుగా టికెట్ కొనిచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆహ్వాన పత్రం కూడా వీసాకు సరిపోయేంత ముందే పంపండి.

పేరు చిన్న విషయమని అనుకోకండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని రెండు గడులు ఉంటే ఏది ఎక్కడ రాయాలో తెలియక, చివరికి బ్యాడ్జి మీద ఇంటిపేరు ఒక్కటే పడుతుంది. మూడు రోజులు అందరూ వాళ్ల తాతగారి పేరుతో పిలిచినట్టే పిలుస్తారు. ఇంటిపేరే లేని తమిళ స్నేహితులకు ఇంకా ఇబ్బంది. పూర్తి పేరుకు ఒకే గడి, ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని ఇంకో గడి ఉంటే చాలు. పేరు చివర కులం తెలిసే మాటను వదిలేయాలనుకునేవాళ్లకు కూడా ఇది ఊరట.

ఇంగ్లీషు విషయానికొస్తే, పేపరు చూసేవాళ్లకు రెండు వేర్వేరు మార్కులు ఇవ్వమనండి, ఆలోచనకు ఒకటి, భాషకు ఒకటి. ఎంపికలో లెక్కించాల్సింది మొదటిదే. పేరు, కాలేజీ కనబడకుండా పేపర్లు పంపండి. ఎంపికయ్యాక భాష సరిచూడటానికి ఒక సీనియర్‌ను జత చేయండి. సదస్సులో ప్రశ్నలు చీటీ మీద రాసి ఇచ్చే వీలుంటే, మైకు దగ్గర టెన్షన్ పడేవాళ్లు కూడా అడుగుతారు.

ఆన్‌లైన్ సమావేశాల వేళ మార్చుతూ ఉండండి. న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడంటే చలికాలంలో మనకు రాత్రి ఒకటిన్నర.

సదస్సు తిరుపతిలోనే పెడితే బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజులు వదిలేయండి, గదులు దొరకవు. హాలును ముందే వెళ్లి చూడండి. వేదిక మీదికి ర్యాంపు ఉందా? చాలాచోట్ల గుమ్మం వరకే ఉంటుంది, మాట్లాడాల్సిన మనిషి కింద ఆగిపోతాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో బయటికి కనబడనివీ ఉన్నాయి. అందుకే రిజిస్ట్రేషన్‌లోనే ‘మీకు ఏం ఏర్పాటు కావాలి?’ అని అడగండి. పాలిచ్చే తల్లులకు ఒక గది, పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉంటే వచ్చేవాళ్ల సంఖ్య మారుతుంది.

పదవుల దగ్గర ఓపిక పడితే కాలం గడిచిపోతుంది. 2010లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ గణిత మహాసభ మనకు గుర్తే. ఆ సభలు జరిపించే అంతర్జాతీయ గణిత సంఘం 1920లో పుట్టింది. దానికి తొలి మహిళా అధ్యక్షురాలిగా ఇంగ్రిడ్ డోబెషీ బాధ్యత తీసుకున్నది 2011లో. మీ నియమావళిలో పదవీకాలానికి హద్దు రాయండి, ఎవరి పేరు వాళ్లే ప్రతిపాదించుకునే వీలివ్వండి. స్కాలర్లకు ఓటుతో సహా ఒక సీటు ఉంచండి.

వేధింపుల ఫిర్యాదు వినేవాళ్లలో బయటి వ్యక్తి ఒకరైనా ఉండాలి. పీహెచ్‌డీ గైడ్ మీద ఫిర్యాదును ఆ గైడ్ స్నేహితుడు వింటే ఎవరూ నోరు విప్పరు.

ఏడాదికి మళ్లీ ఆ అయిదు లెక్కలే తీసి సర్వసభ్య సమావేశంలో చదవండి. తగ్గిన అంకె ఉంటే ముందు దాన్నే చదవండి.