విదేశీ యూనివర్సిటీలో మొదటి టర్మ్ పేపర్ రాయడం ఎలా?

విదేశంలో చదువు మొదలవగానే అందరికీ ఒకటే టెన్షన్, ప్రొఫెసర్ల యాస అర్థమవుతుందో లేదో అని. యాస కొన్ని వారాల్లో చెవికి అలవాటైపోతుంది. అసలు చిక్కు మొదటి టర్మ్ పేపర్ దగ్గర, అంటే కోర్సు కోసం ఆధారాలు వెతికి సొంతంగా రాసే పెద్ద వ్యాసం దగ్గర వస్తుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించితే మార్కులు పడే చదువు చదివి వచ్చినవాళ్లు అక్కడా అదే చేస్తారు. అక్కడ దాన్ని ప్లేజియరిజం అంటారు, అంటే రాతల దొంగతనం. సున్నా మార్కులతో సరిపెట్టే చోట్లున్నాయి, కోర్సు ఫెయిల్ చేసే చోట్లున్నాయి, యూనివర్సిటీ నుంచే పంపేసే చోట్లూ ఉన్నాయి. చాలాకాలంగా జూనియర్ల డ్రాఫ్టులు దిద్దుతున్నాను. ఇంగ్లీషు రాక దెబ్బతిన్నవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. నోట్సు రాసుకోవడం చేతకాక దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ.

కావలసినవి

కోర్సు సిలబస్, లైబ్రరీ లాగిన్, జోటెరో సాఫ్ట్‌వేర్, ఒక కాగితం నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. జోటెరో మీరు చదివిన ఆధారాలను దాచిపెట్టి వాటి జాబితా తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఉచితం. 2006 నుంచి ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తుంది. నోట్‌బుక్ బదులు ల్యాప్‌టాప్ సరిపోదా అంటే, సరిపోదు. ఎందుకో మూడో అంచెలో తెలుస్తుంది.

1. ప్రశ్నను, సిలబస్‌ను చదవండి

ప్రశ్నలోని క్రియాపదం కింద గీత గీయండి. ‘వివరించండి’ వేరు, ‘పోల్చండి’ వేరు, ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ పూర్తిగా వేరు. మూడోదానికి సంగతులు ఏకరువు పెడితే సగం మార్కులు కూడా రావు. ఆ పేపర్‌కు ఎన్ని మార్కులు, ఎన్ని పదాల హద్దు, ఏ సైటేషన్ శైలి (ఆధారాలు చూపించే పద్ధతి), ఆలస్యమైతే ఎంత కోత, ఏఐ టూల్స్ మీద ఆ కోర్సు నియమం ఏమిటి, ఇవన్నీ సిలబస్‌లోనే ఉంటాయి. ఏఐ నియమం ఒకే యూనివర్సిటీలో కూడా కోర్సుకో రకంగా ఉంటుంది, కాబట్టి పక్క క్లాసు స్నేహితుణ్ణి అడిగి నిర్ణయించుకోవద్దు.

2. ఆధారాలు వెతకండి

పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్, పత్రికల వ్యాసాలు భద్రపరిచే జేస్టోర్ సైటు, మీ లైబ్రరీ కేటలాగ్ చాలు. వ్యాసం చదవాలంటే డబ్బు కట్టమని ఏ సైటైనా అడిగితే కట్టకండి. లైబ్రరీ లాగిన్‌తో వెళితే చాలామటుకు ఉచితంగా తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ కింద వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. వికీపీడియా చదవండి, దాని అడుగున ఉన్న ఆధారాలు పట్టుకోండి, కానీ వికీపీడియాను పేపర్లో ఆధారంగా చూపించకండి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన పుస్తకాల జాబితాను మాత్రం కేటలాగ్‌లో కనబడేదాకా నమ్మకండి. లేని వ్యాసానికి ఉన్న ప్రొఫెసర్ పేరు తగిలించి ఇవ్వడం వాటికి అలవాటు.

3. నోట్సు రాసుకోండి

ఇక్కడ నిదానించండి. మిగతా అంచెల్లో చేసిన తప్పులు దిద్దుకోవచ్చు, ఇక్కడి తప్పు సబ్మిట్ చేశాకే బయటపడుతుంది.

ఎక్కువమంది చేసేది ఇది. పీడీఎఫ్ తెరుస్తారు, నచ్చిన వాక్యాన్ని కాపీ చేసి వర్డ్ ఫైల్లో పెడతారు, ‘తర్వాత మార్చి రాద్దాంలే’ అనుకుంటారు. వారం తర్వాత చూస్తే ఆ ఫైల్లో ఏ వాక్యం రచయితది, ఏది తమది అన్నది వాళ్లకే తెలియదు. దొంగతనం చేయాలని ఎవరూ అనుకోరు, కానీ పేపర్లోకి ఎక్కేది దొంగ వాక్యమే. యూనివర్సిటీ విచారణ కమిటీ ముందు ‘కావాలని చేయలేదు’ అంటే శిక్ష తగ్గవచ్చేమో గానీ తప్పు తప్పు కాకుండా పోదు.

రెండోరకం వాళ్లు ఇంకా కష్టపడతారు. నిఘంటువు ముందు పెట్టుకుని మాటకు మాట మారుస్తారు. ఒక ఉదాహరణ చూడండి. మూలంలో ఇలా ఉందనుకుందాం: ‘నగరాల్లో వేసవి రాత్రులు త్వరగా చల్లబడవు, పగలంతా పీల్చుకున్న వేడిని కాంక్రీటు రాత్రి నెమ్మదిగా వదలడమే దీనికి కారణం.’ దాన్ని ఇలా మారుస్తారు: ‘పట్టణాల్లో ఎండాకాలపు రాత్రుళ్లు తొందరగా చల్లారవు, రోజంతా గ్రహించిన ఉష్ణాన్ని సిమెంటు కట్టడాలు రాత్రిపూట మెల్లగా విడుదల చేయడమే ఇందుకు హేతువు.’ దాదాపు ప్రతి మాటా మారింది, వాక్యం ఎముకల గూడు మాత్రం అదే. దీన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారు, దీనికీ శిక్షలు పడతాయి. వాక్యాన్ని వేరే మాటల్లో రాసిపెట్టే పారాఫ్రేజింగ్ టూల్స్ చేసేది అచ్చం ఇదే, కాబట్టి వాటి జోలికి పోవద్దు.

సరైన పద్ధతి నాకు తెలిసి ఒక్కటే. పేరా మొత్తం చదవండి. పీడీఎఫ్ మూసేయండి, చిన్నది చేయడం కాదు, మూసేయండి. ఇప్పుడు రచయిత ఏమన్నాడో మీకు మీరే తెలుగులో పైకి చెప్పుకోండి. తమ్ముడికో చెల్లికో చెబుతున్నట్టు చెప్పండి. ఆ చెప్పినదాన్ని నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే ఇంగ్లీషులో పెట్టండి. మధ్యలో తెలుగు రావడంతో మూలంలోని ఇంగ్లీషు వాక్యం అచ్చు విరిగిపోతుంది. ఇంగ్లీషులోనే ఆలోచించాలని చెప్పే సలహాదారులు చాలామంది ఉన్నారు. మాట్లాడటానికి ఆ సలహా మంచిదే, నోట్సుకు మాత్రం పనికిరాదు. ఇంగ్లీషులో చదివి వెంటనే ఇంగ్లీషులో రాస్తే చదివిన వాక్యమే చేతిలోకి దిగుతుంది. తెలుగులో చెప్పుకోలేకపోయారంటే ఆ పేరా మీకు అర్థం కాలేదన్నమాట. మళ్లీ చదవండి, రాయకండి.

పై ఉదాహరణ ఇలా తయారవుతుంది: ‘పగలు పట్టిన వేడిని కాంక్రీటు చీకటిపడ్డాక కూడా కొద్దికొద్దిగా కక్కుతూనే ఉంటుందని, అందుకే నగరంలో రాత్రయినా ఉక్క తగ్గదని ఈ రచయిత అంటారు.’ దీని పక్కన రచయిత ఇంటిపేరు, సంవత్సరం, పేజీ సంఖ్య తప్పకుండా ఉండాలి. కొటేషన్ గుర్తుల్లో పెట్టిన వాక్యానికే ఆధారం చూపించాలని చాలామంది అనుకుంటారు. అది శుద్ధ తప్పు. మాటలు మీవే అయినా ఆలోచన వేరొకరిదైతే వాళ్ల పేరు చెప్పాల్సిందే. సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయన్నంత అందరికీ తెలిసిన సంగతికి మాత్రం అక్కర్లేదు. అనుమానంగా ఉంటే చూపించండి. ఎక్కువ చూపించినందుకు ఎవరినీ కమిటీకి పిలవరు.

పెన్నుల సంగతి ఇక్కడ వస్తుంది. రచయిత మాటలు ఉన్నవున్నట్టు కావాలంటే ఎర్రరంగులో, కొటేషన్ గుర్తులతో, చేత్తో ఎక్కించండి. మీ మాటలు నీలంలో. చేత్తో ఎక్కించడం విసుగ్గా ఉంటుంది కాబట్టి నిజంగా అవసరమైన వాక్యాలే ఎక్కిస్తారు. ల్యాప్‌టాప్ సరిపోదన్నది అందుకే. అందులో కాపీ చేయడం మరీ సులువు.

ఇంకో మూడు ప్రమాదాలు ఉన్నాయి. తెలుగులో చదివినదాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఆధారం లేకుండా పెడితే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు, అయినా అది దొంగతనమే. పోయిన సెమిస్టర్లో మీరే రాసిన పేపర్‌ను ఈ కోర్సుకు మళ్లీ ఇవ్వాలంటే ప్రొఫెసర్ అనుమతి కావాలి. మూడోది రూమ్మేట్ల మధ్య జరిగేది. ‘ఒకసారి నీ పేపర్ పంపు, ఐడియా కోసం’ అంటాడు, మొహమాటపడి పంపుతారు, అతను నాలుగు పేరాలు ఎత్తేస్తాడు. విచారణకు ఇద్దర్నీ పిలుస్తారు, ఇచ్చినవాడికీ శిక్ష పడవచ్చు. పంపకండి. ఎదురుగా కూర్చుని విషయం వివరించండి, అంతే.

మీ పేపర్‌ను ఇతర రాతలతో పోల్చి చూసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ చూపే శాతం గురించి కూడా చెప్పాలి, దాన్ని చూసి హడలిపోయేవాళ్లు ఎక్కువ. అది పోలిక ఎంత ఉందో చెబుతుంది, దొంగతనం జరిగిందని తీర్పు చెప్పదు. సెట్టింగులను బట్టి మీ ఆధారాల జాబితా, కొటేషన్లు, పైన రాసుకున్న ప్రశ్న కూడా లెక్కలోకి రావచ్చు. శాతం ఎక్కువున్న పేపర్ నిర్దోషి కావచ్చు, తక్కువున్నదాంట్లో ఒక పేరా మొత్తం ఎత్తిందే కావచ్చు. శాతం తగ్గించడానికి మాటలు మార్చడం మొదలుపెట్టారా, ప్యాచ్‌రైటింగ్‌లోకి తిరిగి వెళ్లినట్టే.

4. డ్రాఫ్టు రాసి చూపించండి

నోట్సు బాగుంటే డ్రాఫ్టు తొందరగా తేలిపోతుంది. మొదటి పేరాలోనే మీ వాదన ఏమిటో చెప్పేయండి, చివరిదాకా దాచకండి. అది పట్టుకుని ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు వెళ్లండి. విద్యార్థులు రావడానికే ఆ సమయం పెడతారు, వెళితే విసుక్కుంటారేమో అన్న జంకు వద్దు. ‘ఇది బాగుందా సార్’ అని కాకుండా ‘నా వాదనకు ఈ రెండో ఆధారం సరిపోతుందా’ అని అడగండి. రాయడంలో విద్యార్థులకు సాయపడే రైటింగ్ సెంటర్‌కు కూడా వెళ్లండి, కాకపోతే వాళ్లు మీ వ్యాకరణం దిద్దిపెట్టరు, ప్రశ్నలు వేస్తారు.

5. సైటేషన్లు సరిచూడండి

సైకాలజీ, ఎడ్యుకేషన్ వాళ్లు ఏపీఏ, సాహిత్యం వాళ్లు ఎమ్‌ఎల్‌ఏ, చరిత్ర వాళ్లు షికాగో, ఇంజనీరింగ్‌లో ఎక్కువగా ఐట్రిపుల్‌ఈ శైలి వాడతారు. ఏపీఏ నియమాలు 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలయ్యాయి, ఇప్పుడు నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. బట్టీ పట్టకండి, జోటెరోకు వదిలేయండి. అది తయారుచేసిన జాబితాను మాత్రం ఒకసారి కళ్లతో చూడండి. పేర్లు ముందువెనకలవడం, సంవత్సరం ఎగిరిపోవడం మామూలే.

6. సబ్మిట్ చేయండి

గడువు యూనివర్సిటీ ఉన్న చోటి టైమ్ ప్రకారం ఉంటుంది. సెలవులకు ఇంటికొచ్చి అక్కడినుంచి పంపేవాళ్లు ఇది మర్చిపోతారు. అప్‌లోడ్ చేశాక అదే ఫైల్‌ను వెనక్కి డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. తప్పు డ్రాఫ్టు వెళ్లిందని అప్పుడే తెలుస్తుంది. రసీదు మెయిల్‌ను, నోట్‌బుక్‌ను, పాత డ్రాఫ్టులను గ్రేడు వచ్చేదాకా ఉంచండి. ఎవరైనా అనుమానిస్తే ఆ పేపర్ మీరే రాశారని చూపించడానికి అవే అక్కరకొస్తాయి.