ఉప్పు చల్లిన రోడ్డుని నమ్మకండి

పోయిన శనివారం రాత్రి పదిన్నరకి ఫోన్ వచ్చింది. మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే కుర్రాడు. ఇండియా నుంచి వచ్చి నాలుగు నెలలైంది, మాస్టర్స్ చదువుతున్నాడు, సెకండ్ హ్యాండ్ కారు కొని ఆరు వారాలు కాలేదు. "అన్నా, హైవే దిగే ఎగ్జిట్ ర్యాంప్ మీద కారు తిరిగిపోయి రెయిలింగ్‌కి కొట్టేసిందన్నా. నాకేం కాలేదు. ఎలా జరిగిందో అర్థం కావట్లేదు, ఉప్పు వేశారు కదా!"

అమెరికాలో డెట్రాయిట్ పక్కన పదమూడేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ప్రతి చలికాలం ఎవరో ఒకరు ఈ మాట అంటారు. మనిషి మారతాడు, కారు మారుతుంది, మాట మాత్రం అదే: ఉప్పు వేశారు కదా.

సీటు బెల్టు పెట్టుకోండి, ఫోన్ చూడకండి, మెల్లగా వెళ్ళండి లాంటివి నేను చెప్పక్కర్లేదు. ఈ ఒక్క పొరపాటు గురించే చెప్పాలి. స్నో బాగా పడుతున్నప్పుడు కొత్తవాళ్ళు కూడా భయపడి జాగ్రత్తగానే నడుపుతారు. యాక్సిడెంట్లు అయ్యేది స్నో ఆగిపోయి, ట్రక్కులు వచ్చి ఉప్పు చల్లి, రోడ్డు నల్లగా తడిగా కనిపించే రోజున.

ఉప్పు చేసే పని ఏమిటో ముందు తెలుసుకోండి. మామూలు నీళ్ళు 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే మన సున్నా సెల్సియస్ దగ్గర గడ్డకడతాయి. ఉప్పు కలిస్తే ఆ గడ్డకట్టే పాయింటు ఇంకా కిందికి దిగుతుంది. 23 శాతం ఉప్పున్న చిక్కటి ద్రావణమైతే మైనస్ 6 ఫారన్‌హీట్ దాకా గడ్డకట్టదు. స్నో పడకముందే రోడ్డు మీద సన్నటి తెల్ల చారల్లా పోసి వెళ్ళేది ఈ ఉప్పునీళ్ళే, ఇక్కడ బ్రైన్ అంటారు.

కానీ ఆ చిక్కదనం ఎంతసేపు ఉంటుంది? మంచు కరిగేకొద్దీ అందులో నీళ్ళు కలుస్తూనే ఉంటాయి. చారులో నీళ్ళు పోస్తూ పోతే ఏమవుతుందో అదే అవుతుంది, చప్పబడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో బాగా కరిగి పారిన నీళ్ళలో సాయంత్రానికి ఉప్పు అంతంతమాత్రం. పొద్దుగూకాక చలి దిగగానే అవే నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి. పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు రోడ్డు తడి, రాత్రి తొమ్మిదికి వచ్చేటప్పుడు కూడా చూడ్డానికి తడే. పొద్దున చూసింది నీళ్ళు. రాత్రి చూసింది అద్దంలాంటి మంచు పొర. దాన్నే బ్లాక్ ఐస్ అంటారు గానీ అందులో నలుపేమీ లేదు, కింద ఉన్న తారు కనిపిస్తుంది, అంతే.

చలి ముదిరితే ఉప్పు బలం ఇంకా తగ్గుతుంది. 30 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఒక పౌండు ఉప్పు దాదాపు 46 పౌండ్ల మంచుని కరిగిస్తుంది. 20 డిగ్రీలకి వచ్చేసరికి తొమ్మిది పౌండ్లు కూడా కరగదు. రోడ్డు 15 కంటే కిందికి చల్లబడితే మామూలు ఉప్పు పనిచేస్తోందని చెప్పుకోవడం కూడా కష్టం. అప్పుడు కాల్షియం క్లోరైడో మెగ్నీషియం క్లోరైడో కలుపుతారు, లేదంటే పట్టు కోసం ఇసుక చల్లుతారు. కాబట్టి రోడ్డు మీద తెల్లటి ఉప్పు కనబడిందంటే ట్రక్కు ఎప్పుడో వచ్చి వెళ్ళిందని మాత్రమే అర్థం. రోడ్డు జారదని కాదు.

వాన కూడా కడిగేస్తుంది. ముందు వాన పడి తర్వాత స్నోగా మారే రోజుల్లో చల్లిన ఉప్పంతా కాలవల్లోకి పోతుంది. 2022 జనవరిలో వర్జీనియాలో ఐ-95 మీద జనం ఒక రోజు పైగా ఇరుక్కుపోయింది అలాంటి రోజునే. వాన కడిగేస్తుందని ముందుగా ఉప్పునీళ్ళు వెయ్యలేదు. ఆ జామ్‌లో సెనేటర్ టిమ్ కేన్ కూడా 27 గంటలు తన కార్లోనే ఉండిపోయాడు. కార్లో దుప్పటి, నీళ్ళు, బిస్కెట్లు, ఫోన్ చార్జర్ ఎందుకు ఉండాలో ఇక వేరే చెప్పను.

డల్లాస్ వైపు మనవాళ్ళు "మాకు స్నో ఎక్కడుంది అన్నా" అని నవ్వుతారు. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 డబ్ల్యూ టోల్ లేన్ల మీద 130కి పైగా బండ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అక్కడ కురిసింది పెద్ద స్నో కాదు. సన్నటి చినుకు పడి రోడ్డు మీదే గడ్డకట్టింది. ఆ రోడ్డుకి అంతకు రెండు రోజుల ముందే బ్రైన్ కొట్టారు. స్పీడ్ లిమిట్ గంటకి 75 మైళ్ళు. అంటే పొద్దున్నే ఆఫీసుకో ఆస్పత్రికో డ్యూటీకి బయల్దేరినవాళ్ళ కంటికి అది మామూలు రోడ్డే. ఉప్పు వేసిన రోడ్డే.

మీ కారు డ్యాష్‌బోర్డులో బయటి టెంపరేచర్ చూడడం అలవాటు చేసుకోండి. మనం సెల్సియస్‌లో పెరిగినవాళ్ళం. 34 చూస్తే "ఇంకా ప్లస్సే కదా" అనిపిస్తుంది. 34 అంటే సెల్సియస్‌లో ఒక్క డిగ్రీ. అది కూడా గాలి టెంపరేచర్, రోడ్డుది కాదు. వంతెనకి కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా చలిగాలే. అందుకే మామూలు రోడ్డు తడిగా ఉన్నప్పుడే ఫ్లైఓవర్ గడ్డకట్టి ఉంటుంది. ఇంకో సంగతి, గట్టి చలిలో ఉండే పొడి మంచు కంటే 28, 30, 32 దగ్గర పైన పల్చటి నీటి పొర ఉన్న మంచే ఎక్కువ జారుతుంది. నాచు పట్టిన బావి గట్టు మీద నీళ్ళు పోసినట్టు ఉంటుంది.

రోడ్డు నిజంగా తడా, మంచా అని పట్టుకోవడానికి నేను చూసేది ముందు కారు టైర్లని. టైర్ల వెనక నీళ్ళు చిమ్ముతుంటే నీళ్ళే. రోడ్డు మెరుస్తోంది గానీ చిమ్మడం లేదు, టైర్ల చప్పుడు కూడా ఉన్నట్టుండి తగ్గిపోయిందంటే మీరు మంచు మీద ఉన్నట్టే. అప్పుడు బ్రేక్ వెయ్యకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి, స్టీరింగ్ తిప్పకుండా తిన్నగా పట్టుకోండి, కారునే నెమ్మదించనివ్వండి.

ఒకవేళ జారితే ఎటు వెళ్ళాలో అటే చూడండి, స్టీరింగ్ అటే మెల్లగా తిప్పండి. గుద్దబోయే స్తంభాన్ని చూస్తూ ఉంటే చేతులు కూడా అటే తిరుగుతాయి. తప్పనిసరిగా ఆగాలంటే ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లో బ్రేక్ గట్టిగా నొక్కి అలాగే ఉంచండి. పెడల్ కాలికింద గడగడలాడుతుంది, అది పనిచేస్తున్న గుర్తు. ఆ కుర్రాడు అదిరిపోయి కాలు తీసేశాడట.

నా మొదటి చలికాలంలో నేను చేసిన వెధవ పని కూడా చెప్తాను. హైవే మీద ఉప్పు చల్లే ట్రక్కు ముప్పై మైళ్ళ స్పీడులో వెళ్తోంది, వెనక పాతిక కార్లు. నాకు షిఫ్టుకి లేటవుతోంది. పక్క లేన్‌లోంచి దాన్ని దాటాను. దాటాక తెలిసింది, ఉప్పు రోడ్డు దాని వెనక ఉంది, ముందున్నదంతా ఉత్త మంచు. కారు గిర్రున తిరిగి ట్రక్కు వైపే మొహం పెట్టి ఆగింది. ఆ డ్రైవర్ ముందే కనిపెట్టి వేగం తగ్గించబట్టి ఇది రాస్తున్నాను. ప్లో ట్రక్కుని, అంటే స్నో నెట్టుకుంటూ ఉప్పు చల్లే ట్రక్కుని దాటకండి. దాని పక్కన కూడా నడపకండి, కొన్నిటికి పక్కకి చాచే బ్లేడు ఉంటుంది, లేచిన స్నోలో అది కనిపించదు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సిన సంగతులు కొన్ని. టైర్ల గాట్ల లోతు చూసుకోండి: క్వార్టర్ (పాతిక సెంట్ల) నాణేన్ని తలకిందులుగా గాట్లో పెడితే వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనిపిస్తే ఆ టైర్లు స్నోకి పనికిరావు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు ఈ రోజే చూడండి. గాలి కూడా, ప్రతి పది డిగ్రీల ఫారన్‌హీట్ చలికి టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. టెక్సస్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చినవాళ్ళు వాషర్ ఫ్లూయిడ్ మార్చండి, చలికి తట్టుకునేది పొయ్యండి. ముందు ట్రక్కు లేపే ఉప్పునీళ్ళు అద్దం మీద పడి ఎండి తెల్లగా పూత పూస్తుంది, ఆ సమయంలో వాషర్ గడ్డకట్టిందంటే కళ్ళకి గంతలు కట్టుకుని నడిపినట్టే.

ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే కారు) ఉంది కదా అనకండి. అది కారుని కదిలించడానికి, ఆపడానికి కాదు. ఆపేవి టైర్లు.

స్పీడుని కారే పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్ వద్దు.

ముందు కారుకీ మీకూ మధ్య ఎనిమిది నుంచి పది సెకన్లు. ఆ కారు ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలెట్టండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ, దారిచ్చి పొమ్మనండి.

ర్యాంప్ ఎక్కకముందే, హైవే మీదే వేగం తగ్గించండి. వంపులో బ్రేక్ వెయ్యకూడదు. శనివారం జరిగింది సరిగ్గా ఇదే.

గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్ళు పొయ్యకండి. పగులుతుంది. స్క్రేపర్ కొనుక్కోండి.

కారు పైకప్పు మీద స్నో మొత్తం దులపండి, అద్దం మీద రోడ్డు కనిపించేంత మేర తుడిస్తే చాలదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో దీనికి ఫైన్ కూడా ఉంది.

పక్కకి జారి స్నోలో కూరుకుపోతే ఇంజన్ ఆన్ చేసి కూర్చునే ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర స్నో తీసెయ్యండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు.

చిన్నగా గుద్దుకున్నాక దిగి రెండు కార్ల మధ్య నిలబడి ఫోటోలు తీయకండి. మీరు జారిన చోటే వెనకవాడూ జారతాడు.

ఈ-బైకు మీద తిరిగే పిల్లలు ఈ రోజుల్లో బస్సెక్కండి. రెండు చక్రాలకి బ్లాక్ ఐస్ మీద రెండో అవకాశం లేదు.

ఊబర్‌లో వెళ్తున్నా సరే, డ్రైవర్ తొందరపడుతుంటే మెల్లగా వెళ్ళమని నోరు తెరిచి చెప్పండి. మొహమాటం వద్దు.

రోడ్డు మీద ఉప్పు కనిపించిందా? ఉప్పు లేనట్టే నడపండి.

రాత్రి రోడ్డు తడిగా కనిపించిందా? మంచు అనే అనుకోండి.

అమ్మానాన్నలకి వీడియో కాల్‌లో స్నో చూపించాలంటే పార్కింగ్‌లో కారు ఆపి, దిగి చూపించండి.