ఓటిస్ రెడింగ్ పాటలు వినడం ఎలా: గొంతు కంటే ముందు తాళం

1960ల అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడింగ్ గొంతు తారస్థాయిలో విన్యాసాలు చేయదు. బిర్కాలు ఉండవు. సాహిత్యమా, చాలా పాటల్లో నాలుగు మామూలు మాటలు: నువ్వు కావాలి, వెళ్ళిపోకు, ఇన్నాళ్ళు ప్రేమించాక ఇప్పుడు ఆపలేను. సాహిత్యానికీ సంగతులకూ అలవాటు పడ్డ మన చెవికి మొదటిసారి వింటే "బొంగురు గొంతు, అంతేగా" అనిపించడం సహజమే. ఆయన పాటలో మనసుని పట్టి లాగేది కాలం. మాట ఎక్కడ ఎత్తుకున్నాడు, ఎంతసేపు ఆపాడు, ఆ ఖాళీలోకి వాద్యాలు ఎలా వచ్చాయి అన్నది పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వినిపిస్తుంది. అది పట్టుకోవడానికి ఒక పద్ధతి చెప్తాం.

ముందు కొంచెం నేపథ్యం. ఓటిస్ 1941లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డాసన్‌లో పుట్టాడు, మేకన్ ఊళ్ళో పెరిగాడు. 1962లో మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో మొదలైన ప్రయాణం 1967 డిసెంబర్ 10న విస్కాన్సిన్‌లో విమానం చెరువులో కూలడంతో ఆగిపోయింది. అప్పటికి వయసు 26. అంటే మనకు మిగిలింది ఐదేళ్ళ పని. తీరిగ్గా మొత్తం వినేయొచ్చు.

ఆ స్టూడియో సంగతి తెలిస్తే వినడం సులువవుతుంది. అది పాత సినిమా హాలు. కుర్చీలు తీసేశారు కానీ నేల వాలు అలాగే ఉంచేశారు. పాడేవాడూ వాయించేవాళ్ళూ ఒకే గదిలో, ఒకరినొకరు చూసుకుంటూ, ఒకేసారి రికార్డు చేసేవారు. డ్రమ్స్ ఆల్ జాక్సన్, గిటార్ స్టీవ్ క్రాపర్, బేస్ డక్ డన్, కీబోర్డు బుకర్ టి జోన్స్. వీళ్ళ పక్కన ట్రంపెట్, శాక్సోఫోన్లు. వెనక కోరస్ పాడే అమ్మాయిలు దాదాపు ఉండరు; ఆ పని ఊదే వాద్యాలే చేస్తాయి. వాటి వరసలు చాలావరకు ఓటిసే నోటితో కూనిరాగంగా తీసి చెప్పేవాడు. అందుకే అవి గాయకుడికి బదులిస్తున్నట్టు ఉంటాయి.

ఇక వినే ఏర్పాటు. ఫోన్ స్పీకర్ మీద పెడితే సగం పాట పోతుంది. చిన్న స్పీకర్లో బేస్ గిటార్ వినపడదు, అది లేకపోతే గొంతు గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఈక్వలైజర్, బేస్ బూస్ట్, "3డి సౌండ్" లాంటివన్నీ ఆపేయండి. 1960లలో స్టీరియో, అంటే కుడి ఎడమ చెవులకి వేరువేరు శబ్దం పంపడం, కొత్త; వాద్యాల్ని పూర్తిగా ఒక పక్కకి నెట్టేసేవారు. ఒక ఇయర్‌ఫోన్ మీరు, రెండోది పక్కవాళ్ళు పెట్టుకుంటే ఒకరికి డ్రమ్స్ రావు, ఒకరికి గొంతు పల్చబడుతుంది. అలా వినక తప్పకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి మోనో ఆడియో (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం) ఆన్ చేయండి.

పాట పేరు కొట్టగానే మొదట వచ్చింది నొక్కేయడం ఇంకో పొరపాటు. ఒకే పాటకి స్టూడియోది, కచేరీది, రీమిక్స్ అన్నీ ఒకే పేరుతో కనిపిస్తాయి. ఆల్బమ్ పేరు చూసి ఎంచుకోండి. స్టూడియోది బాగా తెలిశాకే కచేరీ రికార్డింగు. కచేరీల్లో ఓటిస్ వేగం పెంచేస్తాడు, జనం అరుపుల్లో చిన్న చిన్న విరామాలు కొట్టుకుపోతాయి.

మొదట "దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్", 1962. వేరే గిటారిస్టు సెషన్ అయిపోయాక మిగిలిన కాసేపట్లో రికార్డు చేసిన పాట ఇది. గొంతు ముందు ఒంటరిగా వస్తుంది, వాద్యాలు తర్వాత కలుస్తాయి. పియానో మీద తిశ్రగతి, అంటే దెబ్బకి మూడు చొప్పున, నడుస్తుంటుంది, తొడ మీద "తకిట తకిట తకిట తకిట" అని వేసుకుంటూ వినండి. మాట సరిగ్గా దెబ్బ మీద పడుతోందా, దాటాక పడుతోందా చూడండి. చాలాసార్లు దాటాకే. ఆ కాస్త ఆలస్యంలోనే అడగలేక అడుగుతున్న మనిషి ఉన్నాడు. ఈ రకం బతిమాలుడు పాటలు వరసగా పాడుతుంటే మెంఫిస్ రేడియో వ్యాఖ్యాత ఒకాయన "మిస్టర్ పిటిఫుల్" అని పేరు పెట్టాడు. ఓటిస్, క్రాపర్ ఆ పేరుతోనే ఒక పాట కట్టి హిట్ చేసుకున్నారు, అది వేరే సంగతి.

రెండోది "ఐవ్ బీన్ లవింగ్ యు టూ లాంగ్", 1965. దీన్ని ఒకే కూర్చోవడంలో మూడుసార్లు వినాలి. ఒక్కోసారి ఒక్క వాద్యం. మొదటిసారి గిటార్ మాత్రమే: క్రాపర్ తీగల్ని విడివిడిగా, మళ్ళీ అదే తిశ్రగతిలో మీటుతుంటాడు, కంగారు లేకుండా. రెండోసారి ఊదే వాద్యాలు: పల్లవి వాక్యం ముగియగానే అవి మెట్టు మీద మెట్టుగా పైకి ఎక్కుతాయి. గాయకుడు చెప్పలేక ఆపేసిన మాటని అవి పూర్తి చేస్తాయి. మూడోసారి గొంతు. "ప్రేమిస్తూ వచ్చాను" అనే ముక్కకీ "మరీ ఎక్కువ కాలం" అనే ముక్కకీ మధ్య ఎంత ఖాళీ వదిలాడో గమనించండి. కొత్తగా పాడేవాళ్ళు ఈ పాట ఎత్తుకుంటే సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. ఆ ఖాళీ చూసి భయపడి దాన్ని రాగంతో నింపేస్తారు, పాట చప్పబడిపోతుంది.

ఈ పాట చివర మెల్లగా శబ్దం తగ్గిపోతుంది. అది తగ్గుతున్నకొద్దీ మీరు వాల్యూమ్ పెంచుకుంటూ పోండి. రాసుకున్న పాట అయిపోయి, ఓటిస్ తోచినట్టు వేడుకునే భాగం అక్కడే ఉంది, చాలామంది వినకుండానే తర్వాతి పాటకి వెళ్ళిపోతారు. ఆ తర్వాతి పాట మొదలయ్యేలోపు వాల్యూమ్ దించడం మర్చిపోవద్దు, చెవులు మీవి. ఇంకో మాట: దీనికి రెండు స్టూడియో రికార్డింగులున్నాయి. సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చిన మోనో ఒకటి, "ఓటిస్ బ్లూ" ఆల్బమ్ కోసం అదే ఏడాది జులైలో మళ్ళీ పాడిన స్టీరియో ఒకటి. రెండూ పక్కపక్కన విని తేడా పట్టడం మంచి అభ్యాసం. మా ఓటు మోనోకే, గొంతు అందులో ఇంకా దగ్గరగా ఉంటుంది.

"ఓటిస్ బ్లూ" ఆల్బమ్ దాదాపు మొత్తం ఒక రోజులో అయిపోయింది. పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా వాయించి, క్లబ్బుల్లో కచేరీలున్నవాళ్ళు వెళ్ళొచ్చాక రాత్రి 2 నుంచి మళ్ళీ పొద్దున 10 దాకా. అంతకు ఏడు నెలల ముందు చనిపోయిన గాయకుడు శామ్ కుక్ పాటలు ఇందులో మూడున్నాయి. శామ్ కుక్‌ది నున్నటి గొంతు. అసలు పాట విని వెంటనే ఓటిస్‌ది వింటే, అదే వరసని ఈయన ఎక్కడెక్కడ విరిచాడో తెలుస్తుంది.

అసలు పరీక్ష "ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్", 1966. ఇది 1932 నాటి పాట, బాల్‌రూముల్లో మెత్తగా పాడుకునేది. పాత బట్టలే కట్టుకుని అలిసిపోయిన అమ్మాయితో కాస్త మృదువుగా ఉండవయ్యా అని మగాడికి చెప్పడం, అంతే. మొదట ఊదే వాద్యాల చిన్న ఆలాపన, తర్వాత దాదాపు గుసగుసగా గొంతు, దాని చుట్టూ శాక్సోఫోన్ అల్లిక. డ్రమ్స్ జాడ ఉండదు. రెండో చరణం దగ్గర చెవి రిక్కించండి: ఆల్ జాక్సన్ డ్రమ్ అంచు మీద పుల్లతో "టిక్ టిక్ టిక్" అని మొదలుపెడతాడు. పాట ఇంకా విలంబంలోనే, నెమ్మదిగానే ఉంది, ఆ టిక్ టిక్ మాత్రం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో నడుస్తోంది. రాబోయే వేగమంతా అప్పటికే లోపల పెట్టేశాడన్నమాట. తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. చివరికి మాటలు అయిపోయి ఓటిస్ "గాటా గాటా", "నా నా నా" అని అక్షరాల్ని డ్రమ్ములా కొడుతుంటాడు. ఇక్కడ అర్థం వెతకొద్దు, ఇవి జతులు, తాళం కోసం పలికే అక్షరాలు.

ఆ చివరి నిమిషం ఒక్కటే కత్తిరించిన వీడియోలు దొరుకుతాయి. వాటిని వింటే గోల తప్ప ఏమీ తెలియదు. మొదటి నిమిషం అణచిపెట్టిందే చివరి నిమిషంలో తెగుతుంది కాబట్టి పాట మధ్యలో దూరకూడదు, ముందుకి జరపకూడదు.

"రెస్పెక్ట్" ఓటిస్ 1965లో రాసి పాడుకున్నాడు, 1967లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడింది. ఓటిస్ పాటలో ఇంటికొచ్చిన మొగుడు మర్యాద అడుగుతాడు. అరీతా పాటలో ఆ మాట ఆడమనిషి నోట వచ్చేసరికి అడగడం కాస్తా హక్కు అయిపోయింది. అక్షరం అక్షరం విడదీసి పలికే భాగం ఆమె చేర్చిందే. ఆ ఏడాది జూన్‌లో మాంటెరే సంగీత ఉత్సవంలో ఈ పాట ఎత్తుకునే ముందు, దీన్ని ఒక అమ్మాయి తన దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందని ఓటిసే వేదిక మీద సరదాగా అన్నాడు.

"డాక్ ఆఫ్ ద బే" ఆఖరున వినండి. అందరూ దీనితోనే మొదలుపెడతారు, అదే చిక్కు. ఇది ఆయన మిగతా పాటల్లా ఉండదు. బతిమాలడం లేదు, అరుపు లేదు. ఏదీ కలిసిరాని మనిషి రేవు దగ్గర కూర్చుని పడవలు చూస్తున్నాడు, అంతే. 1967లో గొంతుకి ఆపరేషన్ అయి, కొన్ని వారాలు మాట్లాడకుండా ఉన్నాక రికార్డు చేసినవాటిలో ఇదొకటి. ముందు వినాల్సినవి విని వస్తే ఆ గొంతు ఎంత దిగిందో మీకే తెలుస్తుంది. కీబోర్డు ఉన్నవాళ్ళు చరణానికి జి, బి, సి, ఎ కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వరసగా వాయించి చూడండి. అన్నీ మేజర్లే, పాట మొత్తంలో ఒక్క మైనర్ కార్డు లేదు. దిగులు పాటకి మైనర్ కావాలనే లెక్క ఇక్కడ పనిచేయదు. బి, ఎ రెండూ పాట నడిచే జి స్కేలుకి చెందని మేజర్ కార్డులు. చెవి ఒకటి అనుకుంటే పాట ఇంకో చోట దిగుతుంది, ఆ నిలకడలేనితనమే దిగులుగా వినిపిస్తుంది. అలల చప్పుడు, పక్షుల కూతలు ఓటిస్ పోయాక క్రాపర్ కలిపినవి. 1968 జనవరిలో విడుదలై, గాయకుడు మరణించాక అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరిన తొలి పాట అయింది.

ఇవన్నీ ఒకే రాత్రి వినేయకండి. రోజుకి ఒకటి, మూడుసార్లు. సాహిత్యం చదవడం రెండో రోజుకి వాయిదా వేయండి. కళ్ళు అక్షరాల మీద ఉంటే చెవి విరామాల్ని వదిలేస్తుంది. వారం తర్వాత ఆయన కచేరీ ఆల్బమ్ "లైవ్ ఇన్ యూరప్" పెట్టుకోండి. ఇప్పుడు ఆ వేగంలో కూడా ఎక్కడ ఆగుతున్నాడో మీకు దొరుకుతుంది.