చేతి మెషీన్ సింక్ కాకపోతే స్పీడు దగ్గర ఏం చూడాలి

పర్లాకిమిడి, గుణుపూర్ వైపు కొట్లో సీరియల్ కేబుల్‌తో నడిచే బిల్లింగ్ మెషీనో, స్టాకు లెక్కించే చేతి మెషీనో ఇంకా వాడుతుంటే, సింక్ (మెషీన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా మార్పిడి) మధ్యలో ఆగినప్పుడు ముందు స్పీడు తగ్గించండి. మెషీన్ మెనూలోనూ, కంప్యూటర్‌లోని సింక్ ప్రోగ్రాంలోనూ 9600 (సెకనుకి ఇన్ని బిట్లు) పెట్టండి. విండోస్ డివైస్ మేనేజర్‌లో ఒక్కచోట మారిస్తే చాలదు, చాలా ప్రోగ్రాంలు పోర్టు తెరవగానే తమ సొంత స్పీడే పెట్టేసుకుంటాయి.

9600 దగ్గర కూడా పిచ్చి అక్షరాలే వస్తే రెండువైపులా స్పీడు కలవలేదన్నమాట. అసలేమీ రాకపోతే కామ్ పోర్టు (విండోస్‌లో సీరియల్ పోర్టు పేరు, COM3 లాంటిది) నంబరు తప్పు, లేదా కేబుల్ తేడా. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే కన్వర్టర్ కొనకి 2, 3 పిన్నులు చిన్న తీగతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాంలో (పోర్టుకి నేరుగా అక్షరాలు పంపే ప్రోగ్రాం) ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని చెప్పుకునే ఏర్పాటు), లోకల్ ఎకో (టైపు చేసింది తానే తెరమీద చూపడం) తీసేసి, ఏదైనా టైపు చేయండి. కొట్టిన అక్షరం తిరిగి కనిపిస్తే కంప్యూటర్ వైపు అంతా బాగున్నట్టే.

నెమ్మదిగా ఉండటం వేరు, ఆగిపోవడం వేరు. ఒక్కో బైటుకి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు పోతాయి. కాబట్టి 9600 అంటే సెకనుకి 960 బైట్లే. 2,00,000 బైట్ల ఫైలుకి మూడున్నర నిమిషాలు పడుతుంది, అదే 115200 దగ్గర 17 సెకన్లు. ఈలోగా కేబుల్ పీకేయకండి. సరుకుల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో ఉంటే ఫైలు ఇంకా బరువు: యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఈ లిపుల ఒక్కో గుర్తుకి 3 బైట్లు. 'ఉల్లి'కి 15 బైట్లు పోతాయి! అంకెలు, ఇంగ్లీషు పేర్లు సరిగ్గా వచ్చి మన అక్షరాలు మాత్రమే చెడిపోతే, డేటా బిట్లు 7 మీద ఉన్నాయేమో చూసి 8 చేయండి.

9600లో బాగుండి 115200లో సగంలో తెగితే అనుమానం కేబుల్ మీదే. చవక కేబుళ్లలో 2, 3, 5 తీగలే ఉంటాయి. 'ఇక ఆగు' అని చెప్పే 7, 8 (ఆర్‌టీఎస్, సీటీఎస్) ఉండవు. దాంతో మెషీన్ బఫర్ (వచ్చిన డేటాని కాసేపు ఉంచుకునే చోటు) నిండి పొర్లిపోతుంది. మల్టీమీటర్‌తో తీగలు చూసి, ఆ రెండూ ఉన్న కేబుల్ తెచ్చుకోండి. లేదంటే 19200తో సర్దుకోండి. ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ (తీగలకి బదులు డేటాలోనే 'ఆగు', 'పంపు' గుర్తులు పంపే పద్ధతి) పెడితే సమస్య తీరుతుందనుకోవద్దు, బైనరీ ఫైల్లో 17, 19 విలువ గల బైట్లు వస్తే అది వాటిని ఆదేశాలనుకుంటుంది.

స్పీడు పెంచినా సమయం తగ్గలేదా? ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్ అయితే పోర్టు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, లేటెన్సీ టైమర్ (వచ్చిన డేటాని కంప్యూటర్‌కి పంపేముందు చిప్ ఆగే సమయం) 16 మిల్లీసెకన్ల నుంచి 2కి దించండి. చిన్న చిన్న ప్యాకెట్లు పంపి, ఒక్కోదానికీ జవాబు కోసం ఆగే మెషీన్లలో ఆలస్యం ఇక్కడే పేరుకుంటుంది.

వానాకాలంలో పిన్నులకి పచ్చగా చిలుము పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఒక్కటి మాత్రం చేయకండి: 3.3 వోల్టుల టీటీఎల్ (తక్కువ వోల్టేజీ సిగ్నల్) పిన్నులున్న మెషీన్‌కి మామూలు ఆర్‌ఎస్-232 (ఎక్కువ వోల్టేజీతో నడిచే సాధారణ సీరియల్) కేబుల్ తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు.